ఎడమ పక్క వెనక తలుపు

నూకరాజు మేస్త్రికి ఒక అలవాటుంది. ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పడు. కారుకి గీత పడింది, ఎన్నాళ్లు పడుతుంది అని అడిగితే ముందు కారు చుట్టూ ఒకసారి తిరిగి వస్తాడు. ఈ రంగు వానకి ఆగుతుందా అని అడిగితే ఆకాశంకేసి చూస్తాడు. ఇక శిష్యులు అడిగే ప్రశ్నలకైతే ఆయన నోటితో జవాబు చెప్పగా నేనెన్నడూ వినలేదు. ఏదో ఒక పని అప్పజెప్పి ఊరుకుంటాడు. పని అయ్యేసరికి అడిగినవాడికి జవాబు దొరికిందా సరే, లేదా వాడి ఖర్మ. కాకినాడ ఆటోనగర్లో ఆయన షెడ్డుకి ఎదురుగా రంగుల కొట్టు పెట్టుకుని ఇరవై రెండేళ్లుగా ఈ తమాషా చూస్తున్నాను. కార్లకు కావలసిన రంగు కలిపి ఇవ్వడం నా వృత్తి. ఎదటివాళ్ల సంగతుల్లో తలదూర్చడం నా బలహీనత. రెండూ నాకు బాగానే వచ్చు.

ఆ రోజు ఆషాఢమాసపు ముసురు. పొద్దున్న తొమ్మిదయినా వెలుతురు సరిగా లేదు. మేస్త్రి షెడ్డులో రంగు కొట్టే గన్ను విప్పి మూతి శుభ్రం చేసుకుంటున్నాడు. శిష్యుడు అబ్బులు ఒక బంపరుని నీళ్ల పేపరుతో, అదే తడిపి రుద్దే గరుకు కాగితంతో, రుద్దుతున్నాడు. అబ్బులు అంటే చిన్నవాడేమీ కాదు. పదేళ్లు బస్సులకు బాడీలు కట్టే చోట పనిచేసి, కార్ల రంగుపని నేర్చుకోవాలని ముప్పై ఆరో ఏట మేస్త్రి దగ్గర చేరినవాడు. చెయ్యి మంచిది. మనిషి అంతకంటే మంచివాడు. తాగుడు లేదు, పేకాట లేదు, పని అవగానే తిన్నగా ఇంటికి పోతాడు. అలాంటివాడు ఆవేళ రుద్దుతూ రుద్దుతూ ఆగి, గొంతు తగ్గించి అడిగాడు.

"గురువుగారూ, ఒక్క మాటడుగుతానండి. ఇంట్లో ఆడమనిషి మన దగ్గర దాపరికం మానాలంటే ఏం చెయ్యాలండి?"

"ఏం దాచింది?" అన్నాడు మేస్త్రి తల ఎత్తకుండా.

"రిమోటండి. టీవీ రిమోటు కిందపడి పగిలిందండి. పగిలితే పగిలింది, చెప్పొచ్చు కదా? టేపు చుట్టేసి, ఆ టేపు కనబడకుండా పైన కొత్త కవరు తొడిగేసింది. నేను కవరు తీసి చూస్తేగాని బయటపడలేదు. నిన్నటికి నిన్న పిల్ల కళ్లజోడు కాడ విరిగితే, తల్లీకూతుళ్లు ఇద్దరూ గమ్ము పెట్టి అతికించేసి నోరు మెదపకుండా కూర్చున్నారు. నేనేవన్నా కొడతానా, తిడతానా? పదమూడేళ్ల కాపరంలో మా మంగతాయారుని గట్టిగా ఒక్క మాటన్నానంటే ఒట్టండి. ఊరికే అడుగుతాను, అంతే. ఎప్పుడు పగిలింది, ఎలా పగిలింది, ఆ టయానికి నువ్వెక్కడున్నావు, ముందే ఎందుకు చెప్పలేదు. అడగడం కూడా తప్పేనా అండీ?"

నిజం చెప్పొద్దూ, అబ్బులు అడిగినదాంట్లో నాకేమీ తప్పు కనబడలేదు. మా ఇంట్లో నేనూ అలాగే అడుగుతాను. మేస్త్రి ఏమంటాడా అని కొట్టు గుమ్మంలోంచి చెవి అటు వేసి నిలబడ్డాను. ఆయన గన్ను మూతిలోకి ఉఫ్ మని ఊది, వెలుతురుకి ఎత్తి చూసి, మళ్లీ ఊదాడు. అప్పుడే రోడ్డు మలుపులో తెల్ల కారు ఒకటి కనిపించింది.

మలుపు దగ్గర ఉన్న గుంటను తప్పించడానికి ఆ కారు తీసుకున్నంత సమయంలో మామూలు మనిషి నడిచి వచ్చేస్తాడు. షెడ్డుకి పది గజాల ఇవతల ఆగింది. నలభై దాటిన ఒకావిడ దిగి, ముందూ వెనకా చూసి, తలుపు చప్పుడు కాకుండా వేసి వచ్చింది. పేరు హైమావతి. ఇంటర్మీడియట్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుందట. ఆవేళ సెలవు పెట్టింది. నమస్కారం కూడా పెట్టకుండా ఒక్క ఊపున చెప్పేసింది.

"మేస్త్రి గారూ, మా ఆయన సాయంత్రం అయిదింటికి రైలు దిగుతారండి. అయిదింటికల్లా ఈ కారుతో నేను స్టేషన్లో ఉండాలి. ఆ తలుపుకి ఏమీ జరగనట్టుండాలి. చెయ్యగలరా?"

మేస్త్రి అలవాటు ప్రకారం కారు చుట్టూ తిరిగాడు. వెనకే నేనూ తిరిగాను. ఆరేళ్ల బండి అని నంబరు చెబుతోంది, ఒళ్లు చూస్తే నిన్న కొన్నట్టుంది. తలుపుల అంచులకు రబ్బరు పట్టీలు, పక్క అద్దాలకు స్పాంజి తొడుగులు. తలుపు పిడి వెనక వేళ్లు పట్టే గుంటలో గోళ్లు గీసుకోకుండా సన్నటి ప్లాస్టిక్ పొర అతికించి ఉంది. ఎక్కడా ఒక్క మరక లేదు. ఎడమ పక్క వెనక తలుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పిడికి జానెడు కింద మూరెడు పొడుగున గీత, నడిమధ్య రేకు బయటపడి, చివర బొటనవేలు పట్టేంత సొట్ట. అంత శుభ్రమైన బండి మీద ఆ గీత చూస్తే నాకే ప్రాణం ఉసూరుమంది.

"మా అపార్టుమెంటు సెల్లారులో స్తంభానికి తగిలిందండి. ఆ స్తంభాలకు ఆయనే స్పాంజి చుట్టారు, కారుకి తగలకుండా. స్పాంజి ఊడిపోకుండా ఇనపతీగ కట్టారు. స్పాంజి ఎండి రాలిపోయింది, తీగ మిగిలింది. ఆ తీగ మొన గీసింది" అంది హైమావతి.

"మరి ఆయన కట్టిన తీగేగా అమ్మా గీసింది! ఆ ముక్కే ఆయనకి చెప్పేస్తే పోద్ది కదండీ" అన్నాడు అబ్బులు.

ఆవిడ అబ్బులు వైపు చూసి కొంచెం నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. "చెప్పొచ్చండి. ఆయనేమీ అనరు. చాలా మంచివారు. పెళ్లయి పద్దెనిమిదేళ్లయింది, ఒక్కసారి కూడా నా మీద గొంతు పెంచలేదు. ఊరికే అడుగుతారు."

అబ్బులు చేతిలోని నీళ్ల పేపరు మళ్లీ బంపరు మీదికి వెళ్లింది. మేస్త్రి మాత్రం, "ఏమడుగుతారమ్మా?" అన్నాడు.

"ఎంత స్పీడులో ఉన్నావు, ఏ గేరులో ఉన్నావు, అద్దంలో చూశావా, చూస్తే ఎప్పుడు చూశావు, ఆ సమయానికి ఏం ఆలోచిస్తున్నావు. అంతేనండి. రెండేళ్ల కిందట ముందు బంపరుకి గోరంత గీత పడింది. నాలుగు నెలలు అడిగారు. అన్నం తింటూ తింటూ ఆగి, అవును హైమా, ఆ రోజు నువ్వు చెప్పులతో నడిపావా, బూట్లతోనా, అనేవారు. నిద్రపట్టబోతుంటే, అవునూ, ఆ వేళ రేడియో పెట్టావా, అనేవారు. గీత ఆ మర్నాడే పోయిందండి. ఆయనే పాలిష్ చేయించారు." చెబుతూ ఆవిడ చేతి గడియారం రెండుసార్లు చూసుకుంది.

మాటల్లో మాటగా మరికొన్ని తెలిశాయి. ఆయన పేరు రామశేషు. ఉద్యోగం తాలూకు ట్రైనింగుకి తిరుపతి వెళ్లి రెండు వారాలయింది. ఈ కారు కొన్న రోజున గుడి ముందు పూజారి పసుపుతో స్వస్తిక్ గుర్తు వెయ్యబోతే, పసుపు మరక రంగులోకి ఇంకిపోతుందని బానెట్ మీద ప్లాస్టిక్ కాగితం పరిచి దాని మీద వేయించాడట. పూజ అయ్యాక ఆ కాగితం మడిచి దేవుడి గూట్లో పెట్టుకున్నారు. ఊరెళ్లే ముందు కారుకి నాలుగు పక్కలా ఫొటోలు తీసి, భార్య ఫోనుకి పంపి, ఆ తరవాతే ఆటో ఎక్కాడు. విని నేను పకపకా నవ్వాను. నాతో ఎవరూ నవ్వలేదు.

"మామూలుగా రెండు రోజుల పనమ్మా ఇది. రేకు సరిచెయ్యాలి, లప్పం పెట్టాలి, అది ఆరాలి, ప్రైమరు, రంగు, పైన మెరుపుకి క్లియరు. ఒక్కోటీ ఆరాలి. పైన మబ్బు చూశారుగా" అన్నాడు మేస్త్రి. ఆవిడ బతిమాలలేదు, ఏడవలేదు. బ్యాగు పట్టీని వేలికి చుట్టుకుంటూ అలాగే నిలబడింది. వేలి చివర తెల్లబడిపోయింది. మేస్త్రి ఆ వేలు చూశాడు. చూసి, వెనక్కి తిరిగి, "అబ్బులూ, ఆ బంపరు పక్కన పెట్టు. ఈ తలుపు నువ్వు చెయ్యి" అన్నాడు. నేను ఆశ్చర్యపోయాను. తొందర పనులు మేస్త్రి ఎప్పుడూ శిష్యులకివ్వడు.

అబ్బులు తలుపు లోపలి అట్ట విప్పి, వెనక ఇనపదిమ్మ ఆనించి, కొయ్య సుత్తితో సొట్ట మీద చిన్న చిన్న దెబ్బలు వేయడం మొదలుపెట్టాడు. ఆవిడ పక్కనే నిలబడింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "లప్పం ఎక్కువ పెట్టకండి. ఆయన వేలి కణుపుతో తట్టి చూస్తారు. లప్పం ఉంటే చప్పుడు వేరుగా వస్తుందట" అంది. అబ్బులు, "పెట్టనండి, కాగితమంత మందం పెడతాను" అన్నాడు. పదిన్నరకి ఆవిడ ఫోను మోగింది. ఆవిడ రెండు చేతులూ ఎత్తి ఆపమన్నట్టు చూపించింది. అబ్బులు సుత్తి గాలిలోనే ఆగింది. మేస్త్రి గబగబా పక్క షెడ్డు వైపు నడిచి చప్పట్లు కొట్టి, నోటి మీద వేలు పెట్టాడు. అక్కడివాళ్లు ఆపారు. వాళ్లను చూసి ఆ పక్కవాళ్లూ ఆపారు. కంప్రెసర్లు ఆగాయి. పట్టపగలు ఆటోనగర్లో ఒక వరస వరసంతా అలా నిశ్శబ్దం కావడం నేనదే మొదలు చూడటం.

"ఆ, ఇంట్లోనే ఉన్నానండి... ఒంగోలు దాటారా... కారా? కిందే ఉంది... ఆ, కవరు వేసే ఉంది... తాళ్లు కట్టానండి... నాలుగూ కట్టాను." ఫోను పెట్టేసి ఆవిడ పైట చెంగుతో మొహం తుడుచుకుంది. సుత్తులు మళ్లీ మోగాయి. అప్పటినుంచి మా వరసలో అందరికీ ఆ రైలు ఎక్కడుందో తెలుసు. టీ కొట్టతను కూడా వచ్చి అడిగి పోయాడు.

రంగు నా వంతు. తెలుపు అంటే ఒక్కటే అని మీరనుకుంటారు. కంపెనీ పుస్తకంలో ఉన్న అంకెల ప్రకారం కలిపితే కొత్త కారు తెలుపు వస్తుంది. ఇది ఆరేళ్లు కవరు కిందా, ఆరేళ్ల సాయంత్రాలు గుడ్డ కిందా నలిగిన తెలుపు. పసుపు ఒక బొట్టు వేశాను, ఎక్కువైంది. మళ్లీ కలిపి నలుపు అర బొట్టు వేశాను. అట్టముక్క మీద రంగు కొట్టి తెచ్చి తలుపు పక్కన పెట్టి చూడటం, వెనక్కి పరుగెత్తడం. ఆవిడ కూడా నాతో పాటు అటూ ఇటూ తిరిగింది. నేను సరిపోయిందనుకున్న అట్టను చూసి, "ఇంకా కొంచెం వెచ్చగా ఉండాలండి" అంది. చూస్తే నిజమే. ఇరవై రెండేళ్లు రంగులు కలిపిన నా కంటికి ఆనని తేడా, మొక్కల పాఠం చెప్పుకునే ఆవిడ కంటికి ఆనింది. అయిదో అట్టకి తలుపూ అట్టా ఒకటయ్యాయి.

పన్నెండూ ముప్పావుకి విజయవాడ ఫోను వచ్చింది. వరస మళ్లీ ఆగింది. "ఆ, తిన్నానండి... ఏం కూరా? బీరకాయ..." అంటూ ఆవిడ పొద్దుటి నుంచీ మంచినీళ్లు కూడా ముట్టలేదని గుర్తొచ్చినట్టు గొంతు సవరించుకుంది. రెండు గంటలకి ప్రైమరు అయింది. రంగు మొదటి పూత పడుతుండగా రేకుల మీద టపటపమని చినుకులు మొదలయ్యాయి. చెమ్మ గాలిలో క్లియరు కొడితే పైపొర పాలు కలిసినట్టు తెల్లగా విరిగిపోతుంది. అదే జరిగితే మొత్తం గీకి మొదటినుంచీ చెయ్యాలి, దానికి సమయం లేదు. మేమంతా తలా ఒక చెయ్యి వేసి షెడ్డు మూడు పక్కలా టార్పాలిన్లు దించాం. మేస్త్రి రెండు పెద్ద దీపాలు తెచ్చి తలుపుకి మూరెడు దూరంలో నిలబెట్టాడు, వేడికి చెమ్మ ఆరాలని. లోపల ఉక్క. ఆవిడ ఒక మూల గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. అబ్బులు గన్ను ఎత్తి, ఒకసారి ఊపిరి పీల్చి బిగబట్టి, ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క తీరుగా పోనిచ్చాడు. మళ్లీ ఇటు. మళ్లీ అటు. ఆ చెయ్యి వణకలేదు. దించేసరికి తలుపు మీద దీపాల నీడలు గాజు మీద పడ్డట్టు పడ్డాయి. మేస్త్రి గన్ను అందుకుని ఆయనే కడిగాడు. శిష్యుడి గన్ను ఆయన కడగడం పెద్ద మెప్పు.

మూడూ నలభైకి రాజమండ్రి. "ఆ, గోదావరి దాటారా... వానా? లేదండీ..." ఆవిడ మా వైపు బెదురుగా చూసింది. రేకుల మీద చప్పుడు ఆయనకి వినబడే ఉంటుంది. "ఆ, పడుతోంది. కొంచెం. ఇప్పుడే మొదలైంది... కవరు తడవలేదండి, సెల్లారులోకి జల్లు రాదుగా... చూస్తాను. ఇప్పుడే దిగి చూస్తాను." ఫోను పెట్టాక ఆవిడ గోడకి ఆనుకునే కిందికి జారి కూర్చుంది. "ఇంటికి రాగానే కవరు విప్పి చూస్తారు. ఏ మూల తడిసిందీ, ఎందుకు తడవలేదూ అని అడుగుతారు" అంది, తనలో తనే అనుకున్నట్టు. నాకు ఆ క్షణాన ఆ రైలు అక్కడే ఆగిపోతే బాగుండుననిపించింది. ఎక్కడా ఏ గొడవా లేదు, ఎవరూ ఎవరినీ ఏమీ అనడం లేదు, అయినా కొట్టులోకి పోయి గడియారం చూసి వచ్చాను.

నాలుగు దాటాక అబ్బులు చివరి పాలిష్ పెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచి, టార్పాలిన్ పైకి కట్టాడు. వాన వెలిసింది. నేను ఎదుటి నుంచి చూశాను, పక్క నుంచి చూశాను, మోకాళ్ల మీద కూర్చుని చూశాను. గీత ఎక్కడుండేదో నాకే తెలియలేదు. అబ్బులు మొహం వెలిగిపోతోంది. "తట్టి చూడండమ్మా" అన్నాడు. ఆవిడ వేలి కణుపుతో ముందు తలుపు తట్టి, ఈ తలుపు తట్టింది. ఒకటే చప్పుడు. పొద్దుటి నుంచీ మొదటిసారి ఆవిడ నవ్వింది. పల్చటి, అలసిపోయిన నవ్వు. తలుపు మీద చెయ్యి వేసి నిమిరింది. నిమురుతున్న చెయ్యి ఒక చోట ఆగింది.

"ఇక్కడ మచ్చ ఉండాలి" అంది.

మాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. పోయిన ఏడాది అన్నవరం వెళ్లి వస్తుంటే లారీ చక్రం కింది రాయి ఎగిరి ఆ తలుపుకి తగిలి ఆవగింజంత పెచ్చు లేచింది. రామశేషు గారు తనే కుంచెతో రంగు అద్దాడు. రోజూ సాయంత్రం గుడ్డతో కారంతా తుడుచుకుంటూ వచ్చి ఆఖరున ఆ మచ్చ దగ్గర ఆగుతాడు. బొటనవేలు దాని మీద ఆనించి ఒక నిమిషం నిలబడతాడు. "అది లేకపోతే ఆయనకి మొత్తం తెలిసిపోతుందండి. ఆ మచ్చ కావాలి. ఎలాగైనా పెట్టండి."

అబ్బులు ముందు నవ్వేశాడు. "ఏంటమ్మా ఇది, ఉన్న మచ్చ పోగొట్టడానికేగా ఇందాకట్నుంచీ చచ్చాం!" మేస్త్రి నవ్వలేదు. "ఎక్కడుండాలమ్మా?" అని అడిగాడు. ఆవిడ అప్పుడే గడియారం చూసుకుంటోంది. తల ఎత్తకుండా, తలుపు వైపు చూడకుండా, చెయ్యి చాపి వేలు ఆనించింది. మేస్త్రి ఆ చోట పెన్సిలుతో చుక్క పెట్టాడు. తరవాత ఆవిడ ఫోనులో భర్త తీసి పంపిన ఫొటో తీయించి పెద్దది చేసి చూశాం. పిడి నుంచి ఎంత దూరం, కింది అంచు నుంచి ఎంత ఎత్తు అని అబ్బులు టేపు పెట్టి లెక్క చూశాడు. పెన్సిలు చుక్క ఉన్న చోటే ఉంది మచ్చ. వెంట్రుకవాసి తేడా లేదు. అబ్బులు టేపు చేత్తో పట్టుకుని ఆవిడకేసి అలాగే చూస్తుండిపోయాడు.

మేస్త్రి సామాను పెట్టెలోంచి మొనదేలిన ఇనప పంచి తీసి అబ్బులు చేతిలో పెట్టాడు. "కొట్టు" అన్నాడు.

"నేనా అండీ?"

"తలుపు నీది కదా."

అద్దంలా ఉన్న తలుపు ముందు అబ్బులు గొంతుక్కూర్చున్నాడు. పంచి మొన చుక్క మీద ఆనించాడు. రెండుసార్లు సుత్తి ఎత్తి దించేశాడు. హైమావతి మొహం అటు తిప్పుకుని, "త్వరగానండీ, త్వరగా" అంటోంది. మూడోసారి టిక్కుమని చప్పుడైంది. ఆవగింజంత పెచ్చు లేచి కింద పడింది. నేను కొట్టులోకి పరుగెత్తి, ఆయన కుంచెతో అద్దిన రంగు ఫొటోలో ఎంత పసుపుబారి కనిపిస్తోందో అంత పసుపుగా ఒక మూతెడు కలిపి తెచ్చాను. కావాలని తప్పు రంగు కలపడం నాకు అదే మొదలు. అగ్గిపుల్ల చివరతో అబ్బులు అద్దాడు. మేస్త్రి దీపం దగ్గరగా పట్టి ఆరబెట్టాడు. సామర్లకోట ఫోను వచ్చేసరికి ఆవిడ, "బయల్దేరుతున్నానండి, తాళం తీస్తున్నాను" అంది. ఆ ఒక్కటీ నిజమే.

ఆవిడ వంగి మచ్చను చూసింది. బొటనవేలు ఆనించి చూసుకుంది. "అచ్చం అలాగే ఉంది" అంది. కళ్లనిండా నీళ్లు. మేస్త్రికి, నాకు, అబ్బులుకి విడివిడిగా చేతులు జోడించింది. "అద్దాలు దించుకుని వెళ్లమ్మా, రంగు వాసన పోద్ది" అన్నాడు మేస్త్రి. కారు మళ్లీ ఆ గుంట పక్కనుంచి నెమ్మదిగా, మరీ నెమ్మదిగా వెళ్లి మలుపు తిరిగింది. ఆయన స్టేషన్లో ఏమి చూశాడో, ఏమి అడిగాడో నేను చెప్పలేను. ఆవిడ మళ్లీ మా వైపు రాలేదు.

కారు కనుమరుగయ్యే దాకా అబ్బులు రోడ్డు మీదే నిలబడ్డాడు. తరవాత గిర్రున వెనక్కి తిరిగి వచ్చి పంచిని పెట్టెలోకి విసిరికొట్టాడు. వాడికి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"ఎలాటోడండీ ఆడు! పొద్దుటి నుంచీ ప్రాణం పెట్టి చేసిన పని నా చేత్తోనే పొడిచేసుకున్నానండి. ఆవిడ చూడకుండా వేలు పెట్టింది, చూశారా? తన ఇంటి గుమ్మం ఎక్కడుందో కూడా అంత కరెక్టుగా చెప్పలేరండి ఎవరూ. ఎంత భయపెడితే అంత గుర్తుంటాది చెప్పండి? మొగుడా, పోలీసా ఆడు? ఇలాటోడి పక్కన ఆ మాతల్లి ఎలా బతుకుతుందండీ?"

నేనూ ఊరుకోలేదు. ఆ రామశేషు గారిని ఆయన వెనకాల రెండు గట్టి మాటలు అన్నాను. నోటికి కాస్త హాయిగా అనిపించింది. మేస్త్రి టార్పాలిన్ తాళ్లు ఒక్కొక్కటే విప్పి చుట్టలు చుడుతున్నాడు. చివరి తాడు చుట్టి మేకుకి తగిలించి, అబ్బులు మొహంలోకి చూశాడు. కోపంగా కాదు, దయగానే చూశాడు.

"ఆయన్నెందుకురా తిడతావు? మంచాయనేనంట. కొట్టడు, తిట్టడు. ఈపాటికి రైల్లో పక్కన కూర్చున్నోళ్లని అడుగుతా ఉంటాడు, మా ఆవిడ నా దగ్గర అన్నీ దాచేస్తాదండీ, ఏం చెయ్యమంటారు అని."